మేక్ పక్కన వచ్చే మాటలు

ఆ రోజు పొద్దున మా ఇంట్లో ఉన్నది నలుగురం. ముందు అర్రలో నులక మంచం మీద అవ్వ, ఆమె తలాపున తడిగుడ్డ పట్టుకుని అమ్మ, గడప మీద కాలు చాపుకుని బాపు, కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. జంగమ్మ అత్త ఇంకా దారిలో ఉంది. ఆమె బాపుకు అక్క, అవ్వకు ఒక్కతే కూతురు. అచ్చంపేట అవతలి నుంచి రెండు బస్సులు మారి రావాలి. మధ్యాహ్నం దాటితే గాని చేరదని బాపు అనుకున్నాడు.

అవ్వను ముందురోజే దవాఖాన నుంచి తీసుకొచ్చాం. ఇంక చేసేదేమీ లేదు, ఇంటి దగ్గర ఉంచుకుంటేనే నయం అని అక్కడివాళ్లు చెప్పారు. అప్పటి నుంచి ఆమె కళ్లు తెరవలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతులో గురక లాగా వచ్చేది. ఆ గురక వింటూ నేను ఇంగ్లీషు మాటల జతలు వల్లె వేసుకుంటున్నాను. పదకొండు గంటలకు హైదరాబాద్ నుంచి నాకు ఫోన్ రావాలి.

అది ఒక కంపెనీ వాళ్ల ఇంటర్వ్యూ. ఇంటర్ పాసైన ఊళ్ల పిల్లల్ని తీసుకుని, హాస్టల్‌లో ఉంచి, పని నేర్పి, వాళ్లే ఉద్యోగం ఇస్తారు. మా కాలేజీ నుంచి చివరిదాకా వచ్చింది నేనొక్కదాన్నే. నిజానికి ఆ ఇంటర్వ్యూ అంతకుముందు వారమే కావాలి. అదే రోజు అవ్వ దొడ్లో పడిపోయింది, అందరం దవాఖానకు ఉరికాం, ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. మా కాలేజీ కమలాకర్ సార్ ఆ కంపెనీవాళ్లను బతిమాలితే ఇంకొక తేదీ ఇచ్చారు. ఇదే ఆఖరిది, మళ్లీ మార్చడం కుదరదు అని మెసేజ్ పెట్టారు. దాన్ని నేనే బాపుకు తెలుగులో చదివి చెప్పాను.

ఇది రాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నిరుడు కల్లు గీస్తూ తాటిచెట్టు మీద మోకు తాడు జారి పడ్డప్పటి నుంచి బాపు చెట్టెక్కడం లేదు. మా వాడకట్టులో రూప అని నా తోటిది ఉంది. పదో తరగతిలో నాకంటే మంచి మార్కులు దానికే వచ్చాయి. ఇప్పుడు అది కోళ్ల ఫారంలో చేస్తోంది. అక్కడ చల్లే సున్నానికి దాని వేళ్ల మీద తోలు ఊడిపోయింది. నేను ఎదురైతే, వాసనకు ముక్కు మూసుకుంటానేమోనని రోడ్డుకు అవతలి పక్కకు జరిగి నడుస్తుంది. నేనెప్పుడూ మూసుకోలేదు. అయినా జరుగుతుంది.

జతల సంగతి చెప్పాలి. కమలాకర్ సార్ మాకు ఇంటర్‌లో ఇంగ్లీషు చెప్పారు. ఆయన వచ్చిన కొత్తలో ఒకరోజు పుస్తకం మూసేసి అడిగారు.

"కల్లును ఏం చేస్తరు?"

"గీస్తరు సార్."

"పాలను?"

"పిండుతరు."

"కల్లు పిండుతరు అంటే ఏమైతది?"

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి విజేందర్, "నిరోషా, మీ బాపు తాటిచెట్టు కింద చెంబు పట్టుకొని కూసుంటడా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. సార్ వాణ్ని కూర్చోబెట్టి, "మీరు డూ ఎ మిస్టేక్ అంటే వినేవాళ్లు గిట్లనే నవ్వుతరు. మిస్టేక్‌ను డూ చెయ్యరు, మేక్ చేస్తరు. ఎందుకని అడగొద్దు. మాటలు ఒక్కొక్కటిగ నేర్చుకోవద్దు, జతలు నేర్చుకోండి," అన్నారు. ఆ రోజు నుంచి క్రియ ఒకటి ఇచ్చి దాని పక్కన ఏమేం వస్తాయో చెప్పమనేవారు. నాకు అన్నీ వచ్చేవి. కాని నిలబడి చెప్పాలంటే గొంతు పెగిలేది కాదు.

నా గొంతు తెరిచింది అవ్వ. ఆమెకు అక్షరం రాదు. ఎండాకాలంలో వాకిట్లో బండ పెట్టుకుని చింతపండు కొట్టేది. నేను పక్కన కూర్చుని లోలోపల గొణుక్కుంటుంటే, "ఆ నసుగుడేందే, నాకు ఇనబడేటట్టు చెప్పు," అనేది. జత అంటే ఏమిటో చెప్పాను. ఆమె కొయ్యసుత్తె ఎత్తి, "మేక్" అనేది. సుత్తె బండ మీద పడేలోపల నేను జత చెప్పాలి. మేక్ ఎ డెసిషన్. మళ్లీ ఎత్తేది. మేక్ ఎ మిస్టేక్. మేక్ ఎన్ ఎఫర్ట్. మేక్ ఎ నాయిస్. ఆగానంటే సుత్తెతో నా మోకాలు మీద మెల్లగా తట్టేది. "ఆలోచన చెయ్యకు. ఆలోచన చేస్తే దెబ్బ తప్పుతది, ఏలు నలుగుతది," అనేది. ఆ ఎండాకాలం అయ్యేసరికి నాకు ఆలోచించే పని లేకపోయింది. ముందు మాట వినపడితే చాలు, రెండోది దానంతటదే నోట్లోకి వచ్చేది.

మా వాడలో ఎవరి ఇంట్లో చావు జరిగినా అవ్వను పిలిచేవాళ్లు. శోకం తీయడంలో ఆమె అంత మనిషి మా చుట్టుపక్కల లేదు. పోయినవాళ్లు పుట్టిన దగ్గర నుంచి, వాళ్లు తిన్నది, తినక పడుకున్నది, అంతా రాగంలో పెట్టేది. ఒకరోజు చింతపండు కొడుతూ, "మరి వాళ్ల ఇంగ్లీషుల శోకానికి జతేంది?" అని అడిగింది. నేను కాసేపు ఆలోచించి, అట్లాంటిది సార్ ఇచ్చిన కాగితాల్లో లేదన్నాను. ఎవరన్నా చనిపోతే అబ్జర్వ్ సైలెన్స్ అని ఉంది, అంటే నోరు మెదపకుండా నిలబడతారు అని చెప్పాను. అవ్వ సుత్తె పక్కన పెట్టింది.

"సప్పుడు లేకుండ సాగదోల్తరా? అయ్యో. గంత కాని పని ఏం చేసిండ్రని?"

తర్వాత నవ్వి, "నేను పోయినప్పుడు మీ అత్త ముందుగాల ఏడ్వాలె. దాని గొంతు మంచిది, నాకంటె మంచిది. నా బిడ్డ ఏడిస్తె ఇనటానికి నేను జరసేపు ఆగుత," అన్నది.

మా దగ్గర పద్ధతి అదే. తల్లి పోతే ముందు గొంతెత్తేది బిడ్డ. ఊరి మొదట్లోనే ఏడుపు అందుకుని వస్తుంది. ఆమె గడపలో కాలు పెట్టాకనే కోడలు, వాడకట్టు ఆడవాళ్లు కలుస్తారు. అందుకే అత్తకు ముందురోజే ఫోన్ చేసి తొందరగా రమ్మన్నాం.

మాది రెండర్రల ఇల్లు. సిగ్నల్ వచ్చేది ముందు అర్రలో కిటికీ దగ్గర మాత్రమే. ఫోన్ బ్యాటరీ పాడయింది, ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. ఆ ప్లగ్గు కూడా కిటికీ కిందే ఉంది. వీడియోలో వెనక ఏమీ కనపడొద్దని సార్ చెప్పారు కాబట్టి, అమ్మ పొద్దున్నే నా కుర్చీ వెనక తాడు కట్టి నీలం దుప్పటి వేలాడదీసింది. దుప్పటికి ఇవతల నేను, అవతల అవ్వ మంచం. చెయ్యి వెనక్కి చాపితే ఆమె కాలు తగులుతుంది.

ఫోన్ రావడానికి ఇంకా కొంచెం టైముందనగా గురక ఆగింది.

నేను దుప్పటి జరిపి చూశాను. అమ్మ తడిగుడ్డ అవ్వ పెదాల మీద పెట్టి అట్లాగే ఉండిపోయింది. గుడ్డలోని నీళ్లు లోపలికి పోలేదు. చెంప మీదుగా దిండులోకి కారాయి. అమ్మ నోరు తెరిచింది. అప్పటికే బాపు కుంటుతూ వచ్చి భుజం మీది తువ్వాల తీసి ఆమె నోటికి అడ్డం పెట్టాడు.

"సప్పుడు చెయ్యకు అండాలూ. జర ఆగు."

"అత్తమ్మ పోయిందయ్యా."

"నాకెరుక లేదా? నాకు తల్లి కాదా?"

నేను లేచాను. "బాపూ, ఫోన్ రాంగనే చెప్పేస్త. ఇయ్యాల కాదని చెప్త."

"ఇదే ఆఖరుదని రాసిండ్రు గదనే. నువ్వే చదివినవ్." ఆయన నా మొహం చూడలేదు, అవ్వనే చూస్తున్నాడు. "ఎట్లయిన అక్క వచ్చేదాకా మనం ఏడ్వొద్దు. అక్క మధ్యాహ్నానికి గాని రాదు. గా లోపట నీ మాటలైపోతయి. ఎవ్వరికీ అన్యాయం కాదు. కూసో."

నేను కూర్చున్నాను. ఆయన చెప్పింది నాకు సరిగ్గానే అనిపించింది. అమ్మ అవ్వ మొహం గోడవైపు తిప్పి, ఛాతీ దాకా దుప్పటి కప్పింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని వెనక అర్రలోకి పోయింది.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. అవతల మెడలో కార్డు వేసుకున్న ఒక సార్. మంచివాడిలాగే ఉన్నాడు. భయపడొద్దు, నీళ్లు తాగు అన్నాడు. నా పేరు, ఊరు అడిగాడు. గొంతు వణికినా చెప్పాను. తర్వాత, నేనొక క్రియ ఇస్తాను, దాంతో వాక్యాలు చెప్పు అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటి ముందు జీపు ఆగిన చప్పుడు, అత్త గొంతు.

"కాటమయ్యా, అమ్మెట్లున్నదిరా?"

డిండి దగ్గర ఎవరిదో జీపు దొరికిందట. బస్సు కంటే చాలా ముందే వచ్చేసింది.

గడప దగ్గర బాపు ఏమి చెయ్యాలో తోచక ఆగాడు. నాకు కిటికీలోంచి ఆయన వీపు కనపడుతోంది. ఆయన మెల్లగా, "పండుకున్నదక్కా. సప్పుడు చెయ్యకు, పిల్ల ఫోన్ల ఉన్నది. హైదరాబాదోళ్లు," అన్నాడు.

"ఔనా? కోడలు ఇంగ్లీషు మాట్లాడుతాందా?" అత్త గొంతు తగ్గించింది. చెప్పులు విడిచి, గోడ పక్క నుంచి దొంగలాగా అడుగులు వేస్తూ లోపలికి వచ్చింది. నన్ను చూసి నవ్వి, మాట్లాడు మాట్లాడు అన్నట్టు చెయ్యి ఊపింది. చేతిలో సీసా ఉంది. దుప్పటి అవతలికి పోయింది.

"టేక్," అన్నాడు ఫోన్‌లో సార్.

నేను చెబుతున్నాను. టేక్ ఎ డీప్ బ్రెత్. టేక్ కేర్. టేక్ ఎ రిస్క్. నా వెనక అత్త గుసగుసగా మాట్లాడుతోంది.

"అమ్మా, నేనొచ్చిన. జంగిని. నల్లమల తేనె తెచ్చిన, చెంచోళ్ల దగ్గర అడిగి తెచ్చిన. జర నాలికె మీద పెడ్త, నోరు తెరువు."

సీసా మూత తిప్పిన చప్పుడు వినపడింది.

"కీప్," అన్నాడు సార్.

కీప్ ఎ ప్రామిస్. కీప్ ఎ సీక్రెట్. మై ఫాదర్ ఆల్వేస్ కీప్స్ హిజ్ వర్డ్, అని చెప్పాను. సార్ తల ఊపి ఏదో రాసుకున్నాడు.

"మింగుతలేవేందమ్మా? బయటికి కారుతాంది," అంటోంది అత్త. "చేతులు గింత సల్లగైనయి. కప్పుకో. కప్పుకో అమ్మా." ఆమె అరచేతితో అవ్వ చెయ్యి రుద్దుతున్న చప్పుడు కూడా నాకు తెలుస్తోంది. తర్వాత అది ఆగింది.

అప్పుడు అత్త ఏడ్చింది.

నేను అంతకుముందు చాలా శోకాలు విన్నాను. అది వాటిలాంటిది కాదు. రాగం లేదు, మాట లేదు. గొంతు లోపలి నుంచి ఒక్కసారిగా వచ్చింది. ఫోన్ తెర మీద సార్ మొహం మారిపోయింది. పెన్ను కింద పెట్టాడు.

"నిరోషా, వాట్ ఈజ్ దట్? ఈజ్ ఎవ్రీథింగ్ ఆల్‌రైట్ ఎట్ హోమ్?" అన్నాడు. ఇంట్లో అంతా బాగేనా అని అడుగుతున్నాడు. "వుడ్ యు లైక్ టు టేక్ ఎ బ్రేక్? తర్వాత మళ్లీ చేస్తాను, పర్వాలేదు," అని కూడా అన్నాడు.

ఆగుతానని ఆయనే అన్నాడు. మెసేజ్‌లో అట్లా రాయలేదు కాని ఆయన అన్నాడు. మా అవ్వ చనిపోయింది అని చెప్పడానికి ఏ జతా అక్కర్లేదు, చిన్నపిల్లలకు వచ్చే ఇంగ్లీషు చాలు. నా నోట్లోకి వచ్చింది అది కాదు. సుత్తె పైకి లేచినట్టు, అది పడేలోపల చెప్పేయాలన్నట్టు వచ్చేసింది.

"నో సర్. సమ్‌బడీ ఈజ్ మేకింగ్ ఎ నాయిస్. నెక్స్ట్ హౌస్, సర్."

నా వెనక మంచం కిర్రుమంది. దుప్పటి నా వీపుకు తగిలి బరువుగా ఆనింది. అత్త ఏడుపు మధ్యలో తెగిపోయింది. ఎవరిదో చెయ్యి దాని మీద పడిందని తెలిసింది.

"ఓకే," అన్నాడు సార్. "పే."

పే అటెన్షన్. పే ఎ విజిట్. పే రెస్పెక్ట్స్. నేను అన్నీ చెప్పాను. ఎక్కడా ఆగలేదు, గొంతు వణకలేదు. చివరికి ఆయన నవ్వి, నువ్వు మాతో చేరుతున్నావు, మిగతా వివరాలు మీ సార్‌కు పంపిస్తాం అన్నాడు. థాంక్యూ సర్ అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

దుప్పటి జరిపితే బాపు అత్త వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన అరచెయ్యి ఆమె నోటి మీద ఉంది. చెయ్యి తీశాక పళ్ల గాట్లు కనపడ్డాయి, ఒకచోట రక్తం వచ్చింది. అవ్వ మొహం మావైపు తిరిగి ఉంది. పెదాల మూల నుంచి గదుమ మీదికి, మెడలోకి తేనె కారింది. ఒక ఈగ అప్పుడే వచ్చి వాలింది. నేను దాన్ని తోలాను.

"అయిపోయిందక్కా," అన్నాడు బాపు. "ఇగ ఏడువు. పిల్లకు కొలువొచ్చింది. ఇగ నువ్వే మొదలువెట్టు."

అత్త ఆయన వైపు చూడలేదు. తేనె సీసా మూత వెతికి, గట్టిగా తిప్పి పెట్టింది. ఆమె ఎందుకో అంత శ్రద్ధగా తిప్పింది.

"అమ్మ ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడే. ఫోన్ వచ్చేముంగట."

"అంటె నేనొచ్చేసరికే."

అమ్మ వెనక అర్ర తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, కొంగు ఇంకా నోట్లోనే ఉంది.

"కోడలా," అన్నది అత్త నా వైపు తిరిగి. "ఆ సారు నా ఏడుపు ఇన్నడు గదా. ఏమో అడిగిండు నిన్ను. ఏమని అడిగిండు?"

"ఇంట్ల అంత మంచేనా అని."

"నువ్వేం చెప్పినవ్?"

నేను కాళ్ల వైపు చూశాను. ఇంకేదన్నా చెప్పొచ్చు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని అవ్వ మొహం మీద ఆ తేనె ఉండగా నాకు అబద్ధం రాలేదు.

"పక్కింట్ల ఎవరో సప్పుడు చేస్తున్నరని చెప్పిన."

అత్త తల ఊపింది. కోప్పడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె తన కొంగుతో అవ్వ గదుమ తుడిచింది. జిగురు పోలేదు. కొంగును నాలుకతో తడిపి మళ్లీ తుడిచింది.

జీపు చూసి వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. సుహాసిని చిన్నమ్మ, రూప వాళ్లమ్మ, ఇంకా కొందరు గడప అవతల గుంపుగా నిలబడి అత్త గొంతు కోసం ఎదురుచూశారు. కొంగులు సర్దుకుని తయారుగా ఉన్నారు. అత్త మంచం పట్టె మీద కూర్చుని అవ్వ జుట్టుకు చిక్కు తీస్తోంది.

"జంగమ్మా, మొదలువెట్టు బిడ్డా," అన్నది సుహాసిని చిన్నమ్మ. "మీ అమ్మ ఇంటాంది. నువ్వు తియ్యకపోతె మేమెట్ల తియ్యాలె?"

"నాదేముంది, పక్కింటిదాన్ని," అన్నది అత్త.

వాళ్లకు అర్థం కాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూప వాళ్లమ్మ మెల్లగా ఏడవబోయి, ఎవరూ కలవకపోతే ఆపేసింది. ఊరంతటికీ శోకం తీసిన మనిషి మంచం చుట్టూ మేము నోరు మెదపకుండా నిలబడ్డాం. వాకిట్లో కట్టెలు కొడుతున్న గొడ్డలి చప్పుడే ఎక్కువగా వినపడింది. బాపు గడప మీద కూర్చుని, తన అరచెయ్యిని ఇంకొక చేత్తో మూసుకుని, మధ్యమధ్యలో అత్త వైపు చూస్తున్నాడు. రెండుసార్లు అక్కా అని పిలిచాడు. రెండోసారి ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులాగా వచ్చింది.

మూడు దాటాక స్నానం పోయాలన్నారు. ఆడమనిషి కాబట్టి వాకిట్లో వద్దు, వెనక అర్రలో నీళ్లు పోసుకునే జాలారి దగ్గరే పోస్తానని అత్త అన్నది. నలుగురు ఆడవాళ్లు అవ్వను ఎత్తి లోపలికి తీసుకుపోయారు. బిడ్డ, కోడలు, మనుమరాలు తలా ఒక చెంబు పొయ్యాలి. అమ్మ తన చెంబు పోసి, తడి చేతులతో బయటికి వచ్చి, నీ వంతు పో అన్నట్టు నా భుజం తట్టింది. నేను పసుపు కలిపిన నీళ్ల చెంబు రెండు చేతులతో పట్టుకుని వెనక అర్ర దగ్గరికి పోయాను. నీళ్లు వేడిగా ఉన్నాయి, అవ్వకు వేడినీళ్లే ఇష్టం. ఆమె పాదాలు తలుపు సందులోంచి కనపడ్డాయి. మడమల పగుళ్లలో ఇంకా చింతపండు మరక ఉంది.

అత్త వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"అత్తా, నేను కూడ పోస్త," అన్నాను.

ఆమె నా చేతిలోని చెంబు తీసుకుంది. నన్ను కోడలా అని పిలవలేదు.

"తానం పోసేటప్పుడు పక్కింటోళ్లు రావద్దు పిల్లా," అని, తలుపు వేసుకుంది.